కొనమొగ్గ

సోమవారం పొద్దున పదిన్నరకి బోటనీ చెప్పే కృపాజ్యోతి మేడం బీరువాలోంచి ఎండుమొక్క అంటించిన ఆ షీటు తీయించి, కిటికీ పక్క బల్ల మీద పెట్టించుకుని, చేతిలెన్సు కంటికి ఆనించింది. పుల్లయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నందిగామలో ఆ కాలేజీ బోటనీ ల్యాబ్‌కి అతను ఇరవై ఆరేళ్లుగా అటెండరు. బీరువాలో ఉన్న తొమ్మిదొందల చిల్లర షీట్లలో ముప్పాతిక వంతు అతని చేత్తో అంటించినవే. ఎండిన మొక్కని కాగితం మీద ఎలా పడుకోబెట్టాలో, కాడకి దారపుకుట్టు ఎక్కడ వెయ్యాలో అతన్ని అడిగి నేర్చుకున్న లెక్చరర్లు రిటైరై వెళ్లిపోయారు కూడా. అన్నిట్లోకీ ఈ షీటంటే అతనికి కాస్త గర్వం ఎక్కువ. జానెడు కూడా లేని ఫెర్న్ మొక్క. నల్లదారం లాంటి కాడలు, వాటికి అటూ ఇటూ మినపగింజంత ఆకులు. పన్నెండు కాడల్నీ విసనకర్ర విప్పినట్టు పరిచి అంటించాడు.

మేడం లెన్సుని ఒక కాడ కొనదాకా జరిపి ఆగింది. రెండోదాని కొనకి వెళ్లింది. తర్వాత మూడోది. పన్నెండూ చూడటం అయ్యాక లెన్సు బల్ల మీద పెట్టింది.

“పుల్లయ్య గారూ, వీటి కొనలేవండీ?”

“కత్తిరించానండి,” అన్నాడు, మెచ్చుకోడానికే అడిగిందనుకుని.

దాని వెనక ఒక కథ ఉంది. మొక్కల్ని గుట్టల మీంచి బస్సులో తెచ్చేసరికి ముందుగా వాడేవి కొనలే. వాడిన కొన, మొక్కని నొక్కి ఆరబెట్టే ప్రెస్సులో మెలికపడి, గోధుమరంగుకి తిరిగి, షీటంతటికీ దరిద్రం తెస్తుంది. అతను చేరిన కొత్తలో తనిఖీకొచ్చిన పెద్దమనిషొకడు, పెద్దమనిషే లెండి, అలాంటి షీటుని రెండు వేళ్లతో పైకెత్తి పిల్లలందరి ముందూ ‘ఈ చెత్త ఎవడంటించాడు’ అన్నాడు. ఆ సాయంత్రమే పుల్లయ్య ఒక చిన్న కత్తెర కొనుక్కున్నాడు. అప్పట్నించీ మొక్క ప్రెస్సులోకి పోకముందే, పచ్చిగా ఉండగానే, కొనల్ని సాపుగా కోసేస్తాడు. ఇరవై ఆరేళ్లలో ఇది తప్పని చెప్పినవాడు లేడు. పోయిన జూలైలో ఈ షీటు చూసి ‘ఎంత నీట్‌గా చేశారండీ’ అన్నది కూడా ఈ మేడమే.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బావుండేదని పుల్లయ్యకి తర్వాత చాలాసార్లు అనిపించింది. స్టూలు జరిపి అతన్ని కూర్చోమని, క్లాసులో పిల్లలకి చెప్పినట్టే నిదానంగా చెప్పుకొచ్చింది. రాతి పగుళ్లలో బతికే ఆస్ప్లీనియం ఫెర్నుల్లో ఈ సైజువి మూడున్నాయి, మూడూ తోబుట్టువుల్లా ఉంటాయి. ఆకు వెనక గోధుమరంగు గీతలు మూడింటికీ ఉంటాయి. ఒకదాని కాడ అడుగున నలుపు, పైన ఆకుపచ్చ. అది చలికొండల మొక్క, ఇటువైపు రాదు. మిగతా రెండింటికీ కాడ చివరంటా నలుపే. ఆ రెంట్లో ఒకటి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, దాన్నెవరూ లెక్కచెయ్యరు. ఇంకోదాన్ని ఈ చుట్టుపక్కల చూసినట్టు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ రాసిలేదు. దానికి కాడ కొనలో ఆవగింజంత మొగ్గ ఉంటుంది. కాడ వంగి ఆ మొగ్గ తడిరాయిని తాకితే అక్కడ వేరు దిగి కొత్త మొక్క లేస్తుంది.

“మొగ్గుంటే అరుదైనది. లేకపోతే మామూలుది. అంతేనండీ తేడా,” అంది కృపాజ్యోతి.

పుల్లయ్య తన కుడిచేతి వంక చూసుకున్నాడు. కత్తెర పిడి ఒరుసుకుని బొటనవేలి పక్కన కాయకట్టిన చోటు తెల్లగా ఉంది.

ఆ మొక్క దొరికింది జగ్గయ్యపేట అవతల బూడిదగుట్ట మీద, చెమ్మరాయి దగ్గర. గుట్ట నడుములో అడ్డంగా పొడుచుకొచ్చిన సున్నపురాయి అది. దాని కిందినుంచి ఏడాది పొడుగునా నీళ్లు చుక్కలుగా కారుతూనే ఉంటాయి. గుట్ట కింద పాలెంలో నలభై ఇళ్లు. బోరు వేస్తే వచ్చే నీళ్లకి బిందెలే తెల్లగా పొక్కులు కడతాయి, ఇక మనుషుల పళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అంచేత తాగడానికి చెమ్మరాయి నీళ్లే. పుల్లయ్య పుట్టింది ఆ పాలెంలోనే. అతని అక్క వెంకాయమ్మని అక్కడే మేనమామ కొడుక్కి ఇచ్చారు, ఇప్పటికీ అక్కడే ఉంది.

గుట్టని సున్నపురాయి కోసం ఒక కంపెనీకి లీజుకిచ్చారు. నీళ్ల రిపోర్టు రాసినవాళ్లు ఒక వానరోజున వచ్చి, కారు దిగకుండా చూసి, ‘వర్షాకాలపు ఊట’ అని రాసి వెళ్లారు. పాలెం వాళ్లు మీటింగులో అరిచిన అరుపులు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. ఎక్కిందల్లా కృపాజ్యోతి మేడం రాసిన ఉత్తరం ఒక్కటే. అరుదైన ఫెర్న్ ఉంది, ఆ రాతిని వదిలెయ్యాలి అని. నలభై ఇళ్ల దాహానికి ఆగని ఫైలు జానెడు మొక్కకి ఆగింది. అది నిజంగా ఆ మొక్కేనో కాదో తేల్చడానికి గురువారం ప్రొఫెసర్ ఉమాకాంతం గారు వస్తున్నారు. మిగతా అనుమతులన్నీ వచ్చేశాయి. ఆయన మాటే ఆఖరిది.

జూలైలో వానలో గొడుగు కింద మొగ్గ చూసినట్టే మేడంకి గుర్తు. ఆ గుర్తు మీదే ఉత్తరం రాసింది. ఫోనులో తీసిన ఫోటోల్లో వానచుక్కలు మెరుస్తున్నాయి తప్ప కొనలన్నీ మసక. ఉన్నది ఈ షీటొక్కటే.

“రేపు గుట్టకి పోదామండి,” అన్నాడు పుల్లయ్య. “అక్కడ బోలెడుంటాయి.”

మంగళవారం ఇద్దరూ ఏడింటి బస్సుకి బయల్దేరారు. జగ్గయ్యపేటలో దిగి ఆటో ఎక్కారు. లారీల దుమ్ముకి రోడ్డు పక్క తుమ్మచెట్లు ఏ రంగువో తెలియకుండా ఉన్నాయి. పాలెం మొదట్లోనే వెంకాయమ్మ బిందె చంకనేసుకుని ఎదురొచ్చింది. గుట్ట ముందువైపు కంపెనీ వాళ్లు ఇనపతీగ కట్టారని, వెనక మేకలదారిన తీసుకెళ్తానని చెప్పి ముందు నడిచింది. అరవై నాలుగేళ్ల మనిషి, రాళ్ల మీద చెప్పుల్లేకుండా చకచకా ఎక్కిపోతుంటే మేడం రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంది.

చెమ్మరాయి దగ్గరికొచ్చి పుల్లయ్య తల పైకెత్తాడు. పైన నాలుగు చోట్ల డ్రిల్లింగ్ చేశారు, రాయి ఎంత లోతుందో చూడ్డానికట. ఆ పొడి మొత్తం కిందికి జారి, రాతి పగుళ్లలో బూడిదలా పేరుకుంది. చుక్కలు పడుతున్నాయి గానీ ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య ఊపిరి పీల్చి వదలొచ్చు. కింద వరసగా ఏడు బిందెలు. ఇదివరకు గంటకి నిండే బిందె ఇప్పుడు పూటకి నిండుతోందని, ట్యాంకరు మూడు రోజులకోసారి వస్తే వచ్చినట్టని వెంకాయమ్మ చెప్పింది.

ఫెర్నులున్న చోట ముద్దలు కట్టిన ఎండుకాడలే మిగిలాయి. పుల్లయ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక కాడని వేళ్లతో తాకాడు. కొన పొడైపోయింది. ఇంకోటి తాకాడు, అదీ అంతే. పగులు లోపలి మూలలో రెండు దుబ్బులు మాత్రం పచ్చగా ఉన్నాయి. వాటి కొత్త ఆకులు ఇంకా చుట్టచుట్టుకునే ఉన్నాయి. అవి విప్పుకుని, ముదిరి, మొగ్గ తొడగాలంటే వానలు రావాలి. గురువారానికి వానలు రావు.

మేడం పొడి ఊదుతూ, లెన్సు పట్టుకుని గంటన్నర వెతికింది. మోచేతులు కొట్టుకుపోయాయి. చివరికి లెన్సు మూసి జేబులో వేసుకుని రాతికి వీపు ఆనించి కూర్చుండిపోయింది. వెంకాయమ్మ ఒక బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఆవిడకిచ్చింది.

“తాగండమ్మా. ఆ మొక్క దొరికితే తవ్వకం ఆగుద్దని తమ్ముడు చెప్పాడు. దొరుకుద్దిలే. నా చిన్ననాటి నుంచీ చూస్తన్నా, ఏనాడూ పోలా.”

మేడం గ్లాసు పట్టుకుని తాగలేక, వద్దనలేక అలాగే ఉంది. కోసింది నేనే అక్కా అని చెప్పడానికి పుల్లయ్య రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ మూసుకున్నాడు.

బుధవారం అతనికి పని చేతికి రాలేదు. ప్రాక్టికల్స్‌కి స్లైడ్లు పెట్టమంటే ఖాళీ ట్రే పెట్టాడు. డ్రాయరులోంచి కత్తెర తీసి దాని మొన చూస్తూ కూర్చున్నాడు. జూలైలో మొక్క తెచ్చిన రోజు ఏం చేశాడో ఒక్కో ముక్కే గుర్తుచేసుకున్నాడు. సంచీ విప్పాడు. పాత పేపరు పరిచాడు. మొక్క కడిగాడు. పన్నెండు కాడలు ప్రెస్సుకి, మిగతావి మట్టివని పక్కకి. టక్ టక్‌మని కొనలు. ఆ కొనలు పేపర్లోనే పడ్డాయి. పేపరు ఎత్తి, కిటికీ బయటికి దులిపాడు. ఎప్పుడూ దులిపేది అక్కడే.

ల్యాబ్ వెనక, ప్రహరీకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందుంది. సింకు పైపు అతుకు దగ్గర చాలా ఏళ్లుగా కారుతోంది. ప్లంబర్‌ని పిలిపించమని ప్రిన్సిపాల్ గారు అతన్ని మూడుసార్లు కోప్పడ్డారు, మూడుసార్లూ ప్లంబరు రాలేదు. తడికి గోడ అడుగున సున్నం ఊడి, రాళ్లు బయటపడి, వాటినిండా నాచు పట్టింది. పుల్లయ్య సందులోకి దూరి, పగిలిన పరీక్షనాళికలూ పాత చీపుళ్లూ తప్పించుకుంటూ కిటికీ కిందికి వెళ్లి వంగాడు.

నాచులో నల్లటి కాడలు కనిపించాయి, వాటికి అటూ ఇటూ మినపగింజంత ఆకులు.

అతను ముందు నమ్మలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పైపు కింద మూరెడు మేర దుబ్బులు దుబ్బులుగా ఉన్నాయి. ఒక కాడని కింద వేలు పెట్టి మెల్లగా ఎత్తాడు. కొనలో మొగ్గ ఉంది. ఆవగింజంతే. పక్కకాడ మొగ్గ అప్పటికే నాచులోకి వేరు దించి, రెండు బుల్లి ఆకులు కూడా వేసింది. పుల్లయ్య ఆ బురదలోనే గొంతుక్కూర్చుని, పంచెకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఇరవై ఆరేళ్లలో నడుస్తున్న క్లాసు గుమ్మం తొక్కనివాడు ఆ రోజు నేరుగా లోపలికెళ్లి, “మేడం గారూ, మీరొకసారి రావాలండి,” అన్నాడు. మేడం అతని మట్టి మోకాళ్లు చూసి చాక్‌పీసు అక్కడే పెట్టేసి వచ్చింది. లెన్సుతో చూసిన తర్వాత ఆవిడ కూడా బురదని లెక్కచెయ్యకుండా కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పుల్లయ్యకి తెలియలేదు.

కాసేపటికి పుల్లయ్య గొంతు తగ్గించి తన ఆలోచన చెప్పాడు. బొరిగెతో నాలుగు దుబ్బులు ఎత్తి, టిఫిను డబ్బాలో పెట్టుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లి చెమ్మరాయి పగుల్లో పెట్టొస్తాడు. పొద్దున ప్రొఫెసరు గారు వచ్చేసరికి అక్కడ పచ్చగా ఉంటాయి.

“అబద్ధం కూడా కాదండి. అక్కడి మొక్కేగా.”

కృపాజ్యోతి గోడవంక చూసింది. ఆవిడకీ ఆశ పుట్టింది. ఆ సంగతి ఆవిడ మొహంలోనే తెలుస్తోంది. చివరికి తల అడ్డంగా ఊపింది.

“లేబుల్ మీద ఊరి పేరు మీరెప్పుడైనా తప్పు రాశారా పుల్లయ్య గారూ?”

“లేదండి.”

“మనం ఉన్నదున్నట్టు చెబుదామండీ. షీటు చెమ్మరాయిది. దాని కొనలే ఇక్కడ మొలిచాయి. అంటే చెమ్మరాయి మీద ఉన్నది ఇదేనని రుజువైనట్టేగా. కాకపోతే...” అని ఆగింది.

కాకపోతే ఏమిటో అతనికి తెలుసు. కొనలు ఎవరు కోశారో, ఎందుకు కోశారో అతనే నోరు విప్పి చెప్పాలి. చెబుతానన్నాడు.

గురువారం ఉమాకాంతం గారు పొద్దున్నే గుట్టకి వెళ్లొచ్చారు. చూసింది ఎండుకాడలే గనక ఏమీ తేల్చలేనన్నారు. మేడం మాట మీద తిరుగుదారిలో నందిగామలో ఆగారు. డెబ్బై ఏళ్ల మనిషి, చాలా మర్యాదస్తుడు. పుల్లయ్యని ‘మీరు’ అనే పిలిచారు. ఆ సందులోకి పక్కకి తిరిగి దూరి, రుమాలు పరుచుకుని కూర్చుని, ఆకు తర్వాత ఆకు ముప్పావుగంట చూశారు. పుల్లయ్య అద్దంతో ఎండని ఆయన చేతి మీదకి కొట్టి పట్టుకున్నాడు.

తర్వాత ల్యాబ్‌లో, పాత షీటు ముందు నిలబడి, పుల్లయ్య అంతా చెప్పాడు. తనిఖీ పెద్దమనిషి మాట, కత్తెర, కిటికీ, పేపరు దులపడం. ప్రిన్సిపాల్ గారూ, ఇద్దరు లెక్చరర్లూ వింటున్నారు. ప్రొఫెసరు గారు కోప్పడలేదు. అతని భుజం మీద చెయ్యి వేశారు.

“మీ పొరపాటే దీన్ని బతికించిందండీ. ఇది ఆ మొక్కే. నాకు ఏ అనుమానమూ లేదు.”

మేడం కళ్లు మూసుకుని తెరిచింది. పుల్లయ్యకి గబుక్కున అక్క మొహం కళ్ల ముందుకొచ్చింది. ఈ సాయంత్రమే ఫోను చెయ్యాలనుకున్నాడు.

ప్రొఫెసరు గారు ఒక కొత్త షీటు అడిగారు. ఆయనే గోడ మీది దుబ్బొకటి కొనలతో సహా తీసి, ప్రెస్సుకి సిద్ధం చెయ్యమని ఇచ్చారు. లేబుల్ మాత్రం పుల్లయ్యే రాయాలన్నారు, పాత షీటు మీద అక్షరాలు ముచ్చటగా ఉన్నాయట. పుల్లయ్య పెన్ను తీశాడు. ఆయన చెప్పారు, ఇతను గుండ్రంగా రాశాడు. స్థలం: నందిగామ, కాలేజీ ల్యాబ్ వెనకగోడ. దేని మీద పెరిగింది: కారుతున్న పైపు కింద తడిరాయి. స్థితి: సమృద్ధిగా ఉంది.

‘సమృద్ధిగా’ దగ్గర అతని చెయ్యి నెమ్మదించింది.

“చాలా మంచి కబురండీ ఇది,” అంటున్నారు ప్రొఫెసరు గారు ప్రిన్సిపాల్‌తో. “గుట్ట మీద ఎలాగూ పోతోంది. ఇక్కడ ఎవరి సాయమూ లేకుండా ఇంత బాగా పెరిగింది. అంటే దీనికి ఆ రాయే ఉండాలని లేదు. మిగిలిన రెండు దుబ్బులూ కూడా ఇక్కడికే తెచ్చి నాటమని రాస్తాను. ఇంక లీజుకి అడ్డేమీ లేదు.”

మేడం లేచి నిలబడింది. నీళ్లంటే ఆ ఊరికి అవేనని, తను ఉత్తరం రాసింది మొక్క ఒక్కదాని కోసమే కాదని చెప్పింది. ఆయన పూర్తిగా విన్నారు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

“నన్నడిగింది మొక్క గురించమ్మా. నీళ్ల రిపోర్టు వేరేవాళ్లు రాసేశారు. మొక్క విషయంలో నేను అబద్ధం రాయలేను కదా?”

మేడం మళ్లీ కూర్చుంది. పుల్లయ్య లేబుల్ మీద సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు. టిఫిను డబ్బా కిటికీలో ఖాళీగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక కాగితం వచ్చింది. ల్యాబ్ వెనక పైపు లీకుని ఎవరూ బాగుచెయ్యరాదు. గోడ మీద నీరు రాత్రింబగళ్లు పడుతూ ఉండేలా చూసుకునే బాధ్యత అటెండరు పుల్లయ్యది. చుట్టూ వలా, మొక్క పేరుతో బోర్డూ కంపెనీ వారు పెట్టిస్తారు. పుల్లయ్య సంతకం పెట్టి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కకి ఫోను చెయ్యలేదు.

చెయ్యకపోయినా కబురు తెలిసింది. శనివారం పదకొండింటికి వెంకాయమ్మ కాలేజీ గేటు దగ్గర దిగబడింది. సోమవారం నుంచి చెమ్మరాయి పేల్చుతామని తీగ బయట మైకులో చెప్పారట. మొక్క దొరికిందని కూడా వాళ్లే చెప్పారట. ఆ రెండూ ఎలా కలిశాయో ఆవిడకి అర్థం కాక, తమ్ముణ్ణి అడుగుదామని బస్సెక్కి వచ్చింది.

పుల్లయ్య ఆవిణ్ణి సందులోకి తీసుకెళ్లి గోడ చూపించాడు. కత్తెర దగ్గర్నుంచి లేబుల్ దాకా దాచకుండా చెప్పాడు. “నా చేతులారా చేశానక్కా. కోసిందీ నేనే, చెప్పిందీ నేనే,” అన్నాడు. వెంకాయమ్మ గోడకేసి చూస్తూ వింది. వంగి ఒక ఆకుని చూపుడువేలితో నిమిరింది.

“ఇయ్యి మనయ్యేనా?”

“మనవే.”

“బానే బతికినయ్యిరా.”

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తర్వాత పైపు వంక చూసింది. అతుకు దగ్గర చుక్క ఊరి, సాగి, గోడ మీదకి తెగిపడుతోంది. చెమ్మరాయి కన్నా జోరుగా ఉంది.

“దీన్ని కట్టెయ్యరా?”

“కట్టకూడదంట. ఆర్డరిచ్చారు,” అని జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

వెంకాయమ్మ సంచీలోంచి ప్లాస్టిక్ సీసా తీసింది. ఇంటి దగ్గర పట్టుకున్న నీళ్లు బస్సులోనే అయిపోయాయి. సీసాని పైపు అతుకు కిందికి, గోడకి ఆనించి నిలబెట్టి, పక్కనున్న రాతి మీద కూర్చుంది. పాలెంలో బిందె పెట్టి కూర్చున్నట్టే కూర్చుంది. చుక్కలు సీసాలో పడుతున్నాయి.

ల్యాబ్‌లో ఫిల్టరు ఉందని, లోపలికి రమ్మని పుల్లయ్య అనబోయి ఆగాడు. జేబులో కాగితం ఛాతీకి గుచ్చుకుంటోంది. అక్క పక్కనే చతికిలబడి, సీసాలో నీళ్లు పైకి రావడం చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద నాచు తడి తగ్గి రంగు మారుతోంది.

సీసా నిండింది. పుల్లయ్య దాన్ని తీసి, మూత బిగించి అక్క చేతికిచ్చాడు. లేచి ల్యాబ్‌లోకి వెళ్లి, నేల తుడిచే కొత్త బకెట్ కడిగి తెచ్చాడు. పైపు కింద పెట్టి, చుక్క ఒక్కటి కూడా గోడని తాకకుండా ఇటూ అటూ జరిపి సరిచూశాడు. మళ్లీ వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.